సీలు తియ్యని సాకే సీసా

జనం తిరుగుబాటును సైన్యం అణిచేశాక బర్మాలోని యాంగోన్‌లో చాలా హోటళ్లు మూతపడ్డాయి. అక్కడి పజుండౌంగ్ పేటలో తన ఇంట్లో నాకు గది ఇచ్చిన కో అప్పన్న ('కో' అంటే బర్మావాళ్ల మాటలో అన్న) అంతకుముందు ఒక జపాన్ హోటల్లో వంటవాడు. ఓ మధ్యాహ్నం ఎండు మెత్తళ్లు వేయించి, సీలు తియ్యని సాకే సీసా తెచ్చాడు. జపాన్ వాళ్లు బియ్యంతో చేసే మద్యమది. నా గ్లాసు ఒక్కటే నింపాడు. మెత్తళ్లు నమిలి గుటక వేస్తే, ఆ ఉప్పు మీద సాకే ఎంత తియ్యగా ఉందో!

"ఇన్నాళ్లూ దాచావేం అన్నా?"

"దాచడమేటి తమ్ముడూ? ఎవుడి గ్లాసు ఆడే నింపుకోకూడదు, ఎదుటోడు పొయ్యాల. అది జపానోళ్ల మర్యాద. నాకు పోసీ జతగాడు ఇన్సేన్ జైల్లో ఉన్నాడు."

నేను రాకముందు ఇంట్లో ఉండేది ఒక్కడే, చూసేవాళ్లు లేరు. అయినా మర్యాద తప్పలేదు ఈ మనిషి. సీసా అందుకుని అతని గ్లాసులో పోశాను.

"నిండా పొయ్యి," అన్నాడు. "ఆడు అలాగే పోసీవోడు."