నెమలి కవర్లూ, నా బంగారు చెవులూ

కళ్ళకు తువ్వాలు కట్టుకుని, అయిదుకి అయిదూ తప్పు చెప్పి, సొంత బావమరిది చేత "నీ చెవులు అద్భుతం బావా" అనిపించుకున్న ఘనుణ్ణి నేను. అయిదూ తప్పు చెప్పినవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటారా అని మీకు అనుమానం రావచ్చు. అక్కడికే వస్తున్నాను. చదువుతూ కాఫీ మాత్రం తాగకండి, పొలమారితే నా పూచీ లేదు.

మాది గుంటూరు, మిర్చి వ్యాపారం. కాయ తొడిమ విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది ఏ రకమో, ఆరబోసినప్పుడు వాన తగిలిందో లేదో చెప్పేస్తానని యార్డులో నాకు పేరు. ఆ పేరే నా కొంప ముంచింది. ముక్కే ఇంత గొప్పదైతే, దానికి అటూ ఇటూ ఉన్న చెవులు తక్కువేం తిన్నాయి అనుకున్నాను.

ఇంట్లో ఒక ఆంప్లిఫయర్, నడుమెత్తు స్పీకర్లు రెండు ఉన్నాయి. ఫోన్లో పాట పెట్టి, వైరు తగిలించుకుని ఏడేళ్ళు హాయిగా విన్నాను. ఆ తర్వాత ఇంటర్నెట్లో కొందరు మహానుభావుల రాతలు నా కంటపడ్డాయి. ఫోను పాటని చంపేస్తుందట. హై ఎండ్ స్ట్రీమర్ అని ఒక పెట్టె ఉందట, అది ఇంటర్నెట్లోంచి పాటను దించి ఆంప్లిఫయర్‌కి అందిస్తుందట. ఫోను చేసే పనీ అదే కదా అని మీరంటారు. ఆ మాట నేనూ అనుంటే ఈ కథే ఉండేది కాదు. అది చదివినప్పట్నుంచీ నా పాటలన్నీ నాకు దుప్పట్లోంచి వినపడటం మొదలైంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వినలేక ఫోను ఓడన్నాను.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ పద్మ వాషింగ్ మెషిన్ అడిగింది. పాతది మూలపడి నాలుగు నెలలైంది. "ఉగాదికి చూద్దాంలే" అన్నాను. వారం తిరక్కుండా ఇంట్లో పెట్టె దిగింది. ధర మాత్రం అడక్కండి. పద్మ అడిగింది, అది చాలు.

"ఇది బట్టలుతుకుతుందా?" అంది.

"పాటల్ని ఉతుకుతుంది. మురికంతా వదిలిపోతుంది."

"అయితే మీ చొక్కాలు కూడా దాంట్లోనే వేసుకోండి."

బిగించడానికి వచ్చినాయన గంటసేపు అవీ ఇవీ సర్ది, వీణ కచేరీ ఒకటి పెట్టాడు. ఏం చెప్పమంటారు! తీగ మీద వేలు జారడం వినపడింది. మృదంగం నా పొట్టలో మోగింది. "పద్మా, తెర తీసినట్టుంది!" అని కేకేశాను. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

మూడు రోజులు యార్డులో నా నోటికి అడ్డే లేదు. సరుకు అమ్ముకోవడానికి వచ్చిన రైతుల్ని కూర్చోబెట్టి మరీ తెర సంగతి చెప్పాను. పాపం, కాటా అయ్యేదాకా వాళ్ళెక్కడికి పోతారు?

ఆదివారం పొద్దున ఒంగోలు నుంచి మా బావమరిది శ్రీను వచ్చాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ముందు అక్క మొహం చూశాడు, తర్వాత పెట్టె చూశాడు.

"అంతా ఒకట్లూ సున్నాలే గదా బావా. ఏ పెట్టెలోంచి వస్తే ఏంటి?"

"అంతా మిరపకాయలే గదా అని తేజానీ, బ్యాడిగినీ ఒకే బస్తాలో పోస్తామా?"

"అవి వేరు వేరు కాయలు. ఇక్కడ ఉన్నది ఒకే కాయ. అదే బస్తా ట్రాక్టర్లో వచ్చినా, ఏసీ కార్లో వచ్చినా ఘాటేమన్నా పెరుగుద్దా?"

జవాబు లేనివాడు చేసే పనే నేనూ చేశాను, గొంతు పెంచాను. "ఒరేయ్, గాడిదకేం తెలుసురా గంధపు వాసన!"

"అట్టయితే కళ్ళకు గంతలు కట్టుకుని చెప్పు, ఏది పెట్టో, ఏది ఫోనో."

వంటింట్లోంచి పద్మ గొంతు వచ్చింది. "అయిదింట్లో నాలుగు సరిగ్గా చెబితే పెట్టె ఉంచుకోండి. లేదంటే రేపే వెనక్కి పంపేసి, వాషింగ్ మెషిన్ తేవాలి. వెనక్కి పంపడానికి ఇంకా రెండ్రోజులు గడువుంది." ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉందన్నమాట.

సరేనన్నాను. ముక్కుతో వానని పట్టేవాడికి ఇదొక పరీక్షా? పరీక్ష అయ్యేదాకా ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదని ఒక నియమం కూడా పెట్టాను, నా ఏకాగ్రత కోసం. శ్రీను తువ్వాలు బిగించాడు. వీణ మొదలైంది.

"పెట్టె!" అన్నాను.

రెండోసారి. "మళ్ళీ పెట్టే! దీనికి పరీక్షెందుకురా?"

మూడోసారి మొదలవగానే నాకు నవ్వాగలేదు. వైణికుడికి ఒక్కసారిగా జలుబు చేసి ముసుగుతన్ని పడుకున్నట్టుంది. "ఫోను! ఛీ, ఇదా నేను ఏడేళ్ళు విన్నది!" నాలుగోదీ ఫోనే అన్నాను, అయిదోదీ ఫోనే అన్నాను.

"రాసుకోరా, అయిదుకి అయిదు!"

కాగితం మడిచిన చప్పుడైంది. తర్వాత శ్రీను నెమ్మదిగా అన్నాడు. "అయిదూ తప్పే బావా. మొదటి రెండూ ఫోను. మిగతా మూడూ పెట్టె."

"రేపు పొద్దున్నే పంపేద్దాం," అంది పద్మ. ఆ గొంతులో సంతోషం తువ్వాలు కట్టుకున్నా కనపడింది.

"ఉండక్కా. ఏమీ తెలీనివాడు నోటికొచ్చింది చెప్పినా ఒకటో రెండో తగలాలి. అయిదూ ఇంత ధీమాగా తప్పు చెప్పాడంటే, ఈయనకి నిజంగానే ఏదో తేడా వినపడింది. నీ చెవులు అద్భుతం బావా! కానీ ఆ తేడా దేనిదో తువ్వాలు తీసి చూడు."

నేను తువ్వాలు లాగేశాను. ఎదురుగా రెండు నెమళ్ళు నన్నే చూస్తున్నాయి.

మీకు చెప్పలేదు కదూ! మా ఇంట్లో కవరు కప్పని వస్తువు నేనొక్కణ్ణే. ఎదురుగా మిర్చి గోడౌను, సీజన్లో కారం ధూళి మా గుమ్మం దాకా వస్తుంది. అందుకని పద్మ టీవీకి, ఫ్రిజ్‌కి, మిక్సీకి అన్నింటికీ కవర్లు కుట్టింది. స్పీకర్లకి మరీ ప్రేమగా కుట్టింది. పాత మంగళగిరి చీర రెండు పొరలు, మధ్యలో దట్టంగా దూది, పైన దారంతో నెమలి. పత్తి పండే జిల్లాలో దూదికి కరువా? ఏడేళ్ళు చూసీ చూసీ, స్పీకర్లంటే నెమళ్ళేననుకునే స్థితికి వచ్చాను. ఈ మూడ్రోజులూ నా కళ్ళు కొత్త పెట్టె మీదే ఉండి, అవి లేవన్న సంగతే గమనించలేదు.

"ఇవెప్పుడు వేశావు?" అన్నాను నీరసంగా.

"రెండోసారి అయ్యాక. ఎదురుగా బస్తాలు దులుపుతున్నారు, ధూళి వస్తోంది. మీరు మాట్లాడొద్దన్నారుగా, అందుకని చప్పుడు కాకుండా కప్పాను."

"మరి ఈ మూడ్రోజులూ ఏమయ్యాయి?"

"ఆ పెట్టె బిగించినాయన తీసి పక్కన పడేశాడు. మాసిపోయాయి గదా అని ఉతికాను. చేత్తో." ఆ 'చేత్తో' అన్న మాట మిరపకాయ విరిచినట్టు పలికింది. "దూది కవర్లు పిండటం నా వల్ల కాలేదు. ఆరడానికి ఇన్నాళ్ళు పట్టింది. వాషింగ్ మెషిన్ ఉండుంటే ఆ రోజు సాయంత్రానికే కప్పేసేదాన్ని. మీకీ పిచ్చి పట్టేదే కాదు!"

శ్రీను కవర్లు తీసేసి, పెట్టె ఒకసారీ ఫోను ఒకసారీ మార్చి మార్చి వినిపించాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా చెవులకి ఆవగింజంత తేడా తెలియలేదు. తెర తీసినట్టుందన్నాను కదా, నిజంగా తెరే తీశారు.

మర్నాడు పెట్టె వెళ్ళిపోయింది, వాషింగ్ మెషిన్ వచ్చింది. శ్రీను యార్డులో ఎవరికి చెప్పాడో గానీ, ఇప్పటికీ నేను ఏ సరుకైనా బాగోలేదంటే చాలు, "ముందు గోనె విప్పి చూశారా అండీ?" అంటున్నారు రైతులు.

కాబట్టి ఎండు మిరపకాయ చేతబట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ కంఠంలో ప్రాణం ఉండగా, మీద గుడ్డ తీసి చూడకుండా ఏ వస్తువునీ తిట్టను, దాని బదులు ఇంకోటి కొనను. నిన్న పద్మ ముందు కూడా ఇదే ప్రమాణం గంభీరంగా చేశాను. వాషింగ్ మెషిన్ కవరు మీద నెమలికి తోక కుడుతూ అంతా విన్నది. నా చేతిలో ఫోను కేసి చూసింది.

"ఇంకా కాస్త దూది మిగిలింది. దానికీ ఒకటి కుట్టమంటారా?"