మూడోసారి అడగని నీళ్ళు

కొబ్బరిబొండం పట్టుకుని అత్తగారు, నీళ్ళ సీసా పట్టుకుని మామగారు, పక్కనే నిండుగా పారుతున్న కాలవ. ఇన్ని ఉండగా ఒక మనిషి దాహంతో చావబోవడం మీరెక్కడైనా విన్నారా? వినకపోతే ఇది చదవండి. ఆ మనిషిని నేనే. కోనసీమ నడిబొడ్డున, బంధువులందరి కళ్ళెదుట, ఛాతీ మీద నంబరు కాగితం తగిలించుకుని మరీ ఆ ఘనత సాధించాను.

ముందు మా సంగతి కొంత చెప్పాలి. మాది పెద్దిల్లు. ఇప్పుడు ఇల్లు పెద్దది కాదు, పేరు మాత్రం అలాగే ఉంది. తాతగారి కాలంలో మా గేటు ముందు ధాన్యం బళ్ళు బారులు తీరేవట. ఇప్పుడు గేటు ఉంది, దానికి అటూ ఇటూ ఉండాల్సిన ప్రహరీ గోడ లేదు. ఊళ్ళో మేకలన్నీ గేటు పక్కనుంచి లోపలికి వచ్చి, మందారం మొక్కలు తిని, మళ్ళీ పక్కనుంచే వెళ్ళిపోతాయి. నేను మాత్రం తాళం తీసి, గేటులోంచే వెళ్ళి, వెనక్కి తిరిగి తాళం వేస్తాను. మేకకీ మనిషికీ ఆ మాత్రం తేడా ఉండాలి కదా.

మా అత్తవారిది కొత్తపేట దగ్గర కాలవగట్టు మీద ఊరు. కొబ్బరితోట, వరిపొలం, వచ్చేపోయే బంధువులు. నేను ఆ ఇంటికి పెద్దల్లుణ్ణి. అంటే ఆ ఇంట్లో మొదటి పలకరింపు నాది, మొదటి కుర్చీ నాది, గోదావరి చిట్టిచేప చీరమేను వండినరోజున గిన్నె మొదట ఆగేది నా విస్తరి దగ్గర. ఇది నేను పెట్టిన నియమం కాదు. లోకం పుట్టినప్పుడే పెట్టారు.

అలాంటి ఇంట్లోకి శ్రీనివాస్ వచ్చాడు. మా మరదలి భర్త, నాకు తోడల్లుడు. కువైట్‌లో ఏసీలు బిగించే పని చేసి, తిరిగొచ్చి రావులపాలెంలో ఏసీల షాపు పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోకుండా అత్తగారి గదిలో ఒక ఏసీ బిగించాడు. ఆ యేడు వేసవిలో ఆ గదిలోకి వెళ్ళిన అత్తగారు బయటికి వచ్చేసరికి వేరే మనిషి. ఆ దీపావళి రోజుల్లో చీరమేను గిన్నె నా ముందునుంచి, నన్ను గుర్తుపట్టనట్టు, నేరుగా శ్రీనివాస్ దగ్గరికి వెళ్ళిపోయింది. నేను మజ్జిగ అన్నం తిని లేచాను. కడుపు మంటకి మజ్జిగ మంచిదంటారు. అబద్ధం.

అతను మంచివాడు. అదే అసలు బాధ. చెడ్డవాడైతే హాయిగా ద్వేషించుకునేవాణ్ణి. కనబడిన ప్రతిసారీ "అన్నయ్యగారూ" అంటూ లేచి నిలబడతాడు. ఇలాంటివాడి మీద అసూయపడాలంటే మనిషికి చాలా ఓపిక ఉండాలి. నాకు ఉంది.

అప్పటికి నాకు నలభై నిండలేదు. ఒకరోజు మా ఆవిడ సుభద్రకి అత్తగారు ఫోన్ చేశారు. స్పీకరు పెట్టి ఉంది. నేను పేపరు చదువుతూ, అంటే చదువుతున్నట్టు కూర్చుని, వింటున్నాను.

"అమ్మాయ్, కొత్తపేటలో ఏదో హాఫ్ మారథాన్ పెట్టేరంట. మన శ్రీను ఇరవయ్యొక్క కిలోమీటర్లు పరిగెడతాడంట. దారి మన ఊరి మీదుగానే. మేవందరం గట్టు మీద నిలబడి చప్పట్లు కొడతాం. నువ్వూ వచ్చెయ్."

"ఈయన్ని కూడా తీసుకురానామ్మా?"

"తీసుకురా. పెద్దల్లుడుగారికి నీడలో కుర్చీ వేయిస్తాలే."

నీడలో కుర్చీ. నేను కూర్చోవాలి, అతను పరిగెత్తాలి, నేను చప్పట్లు కొట్టాలి. పేపరు మడిచాను.

"నేనూ పరిగెడుతున్నాను" అన్నాను.

సుభద్ర పెసలు ఏరుతున్న చేట పక్కన పెట్టింది. "ఎక్కడికండీ?"

"ఎక్కడికేంటి. ఆ పందెంలో."

"మొన్న బస్సు కదిలిపోతుంటే మీరు పరిగెట్టలేదు. మనలాంటివాళ్ళు బస్సు వెనక పరిగెట్టడమేంటి అన్నారు. గంటసేపు నిలబడ్డాం."

"బస్సు వేరు."

"ఆయ్, వేరేనండి. బస్సులో శ్రీను లేడు."

ఇంట్లో మనిషికి ఇంత తెలివి ఉండకూడదు.

సాధన మొదలుపెట్టాను. రోడ్డు మీద పరిగెత్తడానికి మనసొప్పలేదు. తాతగారిని చూసినవాళ్ళు ఇంకా కొందరు బతికే ఉన్నారు. అందుకని మా మిగిలిన కొబ్బరిచెట్ల చుట్టూ తిరిగాను. కాయల దింపుకి వచ్చినవాళ్ళు చెట్టు మీదనుంచి చూసి, "అయ్యగారికి ఏదైనా పోయిందాండీ, వెతుకుతున్నారు" అని అడిగారు. పోయింది. ఏం పోయిందో వాళ్ళకి చెబితే అర్థం కాదు.

పందెం రోజు రానే వచ్చింది. తెల్ల ప్యాంటు, ఇస్త్రీ చేసిన పొడుగు చేతుల తెల్ల చొక్కాతో వెళ్ళాను. శ్రీనివాస్ చిలకపచ్చ బనీను, మోకాళ్ళ పైకి నిక్కరు, కనకాంబరం రంగు బూట్లతో పెళ్ళివారి కారులా మెరిసిపోతున్నాడు.

"అన్నయ్యగారూ, మీరొచ్చేరంటే చాలా సంతోషమండీ. ఒక్క మాట. దాహం వేసేదాకా ఆగకండి. ఎక్కడ నీళ్ళిస్తే అక్కడ తాగేయండి."

"నాకు తెలుసు తమ్ముడూ" అన్నాను.

ఈ ఒక్క సలహా విని ఉంటే ఇవాళ మీకు ఈ కథ చెప్పాల్సిన పని లేదు. కానీ ఇచ్చిందెవరో మీరే చూశారు.

మొదట్లో బాగానే పరిగెత్తాను. శ్రీనివాస్ మలుపు తిరిగి కనబడకుండా పోయినా, అతని చిలకపచ్చ బనీను నా కళ్ళముందు కదులుతూనే ఉంది. కొంతదూరం పోయాక బల్ల మీద నీళ్ళ గ్లాసులు పెట్టుకుని ఒకాయన నిలబడ్డాడు.

"నీళ్ళు తీసుకోండి సార్."

"వద్దండీ, పర్వాలేదు" అన్నాను.

అని, ఆగాను. ఎందుకు ఆగానో బయటి ప్రాంతాల పాఠకులకి చెప్పాలి. మా వైపు మొదటి 'వద్దు'కి అర్థం లేదు. అది దండం లాంటిది. ఎవరింటికైనా వెళితే కాఫీ ఇస్తామంటారు, ఇప్పుడే అయిందండీ అంటాం. ఒక్క గుక్కండీ అంటారు, మీకెందుకండీ శ్రమ అంటాం. మా ఇంట్లో తాగకూడదాండీ అని మూడోసారి వాళ్ళు నొచ్చుకుంటారు, అప్పుడు వాళ్ళ కోసం తాగుతాం. మొదటి మాటకే చెయ్యి చాచేవాణ్ణి చూసి, పాపం ఎన్నాళ్ళయిందో తిని, అనుకుంటారు. మా వంశంలో ఎవరూ మొదటి మాటకి చెయ్యి చాచలేదు. నా దగ్గర మొదలవనివ్వను.

ఆ బల్ల దగ్గరాయన నా వెనక వచ్చినవాడికి గ్లాసు ఇచ్చేశాడు. వాడు నడుస్తూనే తాగి, గ్లాసు విసిరి పోయాడు. నేను కాసేపు నిలబడి చూశాను. రెండోసారి అడగలేదు. కొత్త తరం, మర్యాద తెలియదు అనుకుని కదిలాను. పర్వాలేదు, ముందు అత్తగారు ఉన్నారు. ఆవిడ అడగటం మొదలుపెడితే, వద్దు వద్దంటూ మూడు బొండాలు తాగాల్సొస్తుంది.

అత్తవారి ఊరి వంతెన దగ్గర బంధువులందరూ ఉన్నారు. అట్టముక్క మీద శ్రీనివాస్ పేరు ఎర్ర రంగుతో బారెడు రాసి పట్టుకున్నారు. నా పేరు కూడా ఉంది. కింద, చోటు మిగిలింది కాబట్టి రాసినట్టు.

"శ్రీను ఇప్పుడే వెళ్ళేడండీ, గుర్రంలాగ" అంది అత్తగారు నన్ను చూడగానే. తర్వాత బొండం చాచింది. "పెద్దల్లుడుగారూ, కాసిన్ని నీళ్ళు పుచ్చుకోండి."

నా నాలుక అప్పటికే ఎండుకొబ్బరి చిప్పలా ఉంది. అయినా నవ్వాను. "ఇప్పుడెందుకండీ అత్తగారూ."

ఆవిడ పెదవులు కదిలాయి. ఏదో అనబోయింది. గట్టిగా ఊపిరి పీల్చి, బొండం వెనక్కి తీసుకుని, "సరేనండి" అంది.

ఆ ఇంట్లో ఆ మాట నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. ఇరవై గారెలు తిన్న చుట్టాన్ని కూడా ఆవిడ సరేనండి అని వదిలిన చరిత్ర లేదు. అంటే ఇంతకు దిగజారానన్నమాట. శ్రీనివాస్‌కైతే ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో. ఆ అనుమానంతోటే ముందుకి పరిగెత్తాను. కాలవ నీళ్ళు పక్కన గలగలమంటూ నన్ను చూసి నవ్వుతున్నాయి.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. శ్రీనివాస్ ముందురోజే ఫ్యామిలీ గ్రూపులో అందరికీ చెప్పాడట. పరిగెత్తేవాళ్ళని ఎవరూ బలవంతం చెయ్యకండి, ఇస్తే ఒక్కసారి ఇవ్వండి, వద్దంటే వదిలేయండి, ఆపితే కాళ్ళు పట్టేస్తాయి అని. ఆ గ్రూపులో నేను లేను. శ్రీనివాస్‌ని అడ్మిన్ చేసినరోజునే బయటికి వచ్చేశాను.

తర్వాతి మలుపులో మామగారు మడతకుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో అరటిపళ్ళు, చేతిలో నీళ్ళ సీసా.

"నీళ్ళండీ" అన్నారు.

"మీరు తాగండి మామగారూ" అన్నాను. అంత దాహంలో కూడా గొంతులో కొంచెం బతిమాలింపు కలిపే అన్నాను. పెద్దాయన, గ్రహిస్తారనుకున్నాను.

ఆయన సీసా వైపు, నా వైపు చూసి, ఎంతో కష్టంగా, "మీ ఇష్టమండీ" అన్నారు.

మీ ఇష్టం. కోనసీమలో మనిషిని చంపడానికి కత్తి అక్కర్లేదు, ఈ రెండు మాటలు చాలు.

ఆ తర్వాత ఒక్కో కొబ్బరిచెట్టు రెండేసిగా కనిపించింది. ఎదురుగా ఒక తాటాకు పందిరి కనిపించింది. కొత్త ఇల్లు, గుమ్మానికి బంతిపూలు, గృహప్రవేశం. నీడ కోసం గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగాను. పట్టుపంచె కట్టుకున్న ఇంటాయన గబగబా వచ్చాడు. నేనెవరో ఆయనకి తెలియదు, ఆయనెవరో నాకు తెలియదు.

"రండి రండి, గుమ్మంలో నిలబడిపోయేరేంటి. టిఫిన్ చేద్దురుగాని."

"వద్దండీ, పందెంలో ఉన్నాను."

"పందెం ఎక్కడికి పోతాదండీ, రేపైనా పరిగెట్టొచ్చు. గృహప్రవేశం రేపు లేదు కదండీ."

"మీకెందుకండీ శ్రమ."

"మా గుమ్మం దాకా వచ్చి మంచినీళ్ళన్నా ముట్టుకోకుండా వెళ్ళిపోతే, ఈ ఇంట్లో మేం ఎలా ఉంటామండీ" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

మూడోసారి. నా కళ్ళు చెమర్చాయి. మర్యాద ఇంకా బతికే ఉంది.

మూడు చెంబుల నీళ్ళు తాగి బంతిలో కూర్చున్నాను. ఇడ్లీ, గారె, పెసరట్టు, పక్కన బూరె. "ఇంకోటండీ" అంటే "వద్దండీ" అనడం, వాళ్ళు వెయ్యడం. అలా ఎంతసేపు సాగిందో తెలియదు. తెల్లబట్టల్లో నిటారుగా కూర్చున్న నన్ను చూసి, పెద్దమనిషిలా ఉన్నారని, ఇంటాయన పక్కనే నిలబడి కొసరి కొసరి వేయిస్తున్నాడు. పెళ్ళయిన కొత్తలో అత్తవారింట్లో ఇలాగే ఉండేది. మొదటి పలకరింపు, మొదటి గరిటె, అన్నీ నావే. దారినపోయే అపరిచితుడికి నా విలువ తెలిసింది, ఆ ఏసీ గదికి తెలియలేదు.

అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగింది. సుభద్ర, అత్తగారు, మామగారు దిగారు. వెనకే మెడలో పతకంతో శ్రీనివాస్. పందెం ఎప్పుడో పూర్తిచేసి, నేను రాలేదని తెలిసి, అందరినీ వెంటేసుకుని కాలవగట్టంతా వెతుకుతున్నాడట.

"ఏవండీ," అంది సుభద్ర మెల్లగా, "మేం కాలవలోకి కూడా చూసేం."

నేను సమాధానం చెప్పేలోపే ఇంటాయన వాళ్ళ మీద పడ్డాడు. "అందరూ కూర్చోవాలి. బాబూ, పతకం తెచ్చుకున్నట్టున్నారు, మీరు ముందు కూర్చోవాలి."

"అలాగేనండీ, బాగా ఆకలిగా ఉంది" అన్నాడు శ్రీనివాస్. మొదటి మాటకే. సిగ్గు లేకుండా నా పక్కనే కూర్చున్నాడు. ఇంటాయన ముఖం వెలిగిపోయింది. నా కోసం బయల్దేరిన బూరెల పళ్ళెం దారి మార్చుకుని అతని ఆకు దగ్గర ఆగింది.

పొద్దుట్నించీ నోరు కట్టుకుని ఉన్న అత్తగారికి ఆ పందిట్లో ఒక్కసారిగా స్వేచ్ఛ దొరికింది. "ఇంకో బూరె వేసుకో శ్రీనూ. నెయ్యి వెయ్యండి బాబుకి. తిను నాన్నా, మూడు కూడా తినకపోతే ఎలాగ" అంటూ దగ్గర నిలబడింది. పొద్దున్నుంచి నాకు రావాల్సిన బలవంతాలన్నీ నా కళ్ళముందే అతని ఆకులో పడుతున్నాయి.

చివరికి పళ్ళెం నా వైపు తిరిగింది. "తమరికి ఇంకోటండీ" అన్నాడు వడ్డించే మనిషి.

"వద్దండీ" అన్నాను అలవాటుగా.

రెండోసారి కోసం చూస్తున్నాను. అత్తగారు ఎంతో ప్రేమగా ఆ పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టింది.

"పెద్దల్లుడుగారిని బలవంతం చెయ్యకండి. ఆయనింకా పరిగెట్టాలి."

బంతి బంతంతా నవ్వింది. ఇంటాయన నవ్వాడు, మామగారు నవ్వారు, సుభద్ర ముఖానికి కొంగు అడ్డుపెట్టుకుంది. శ్రీనివాస్ ఒక్కడే నవ్వలేదు. "నేను తోడు వస్తానండీ అన్నయ్యగారూ" అన్నాడు. అది నవ్వుకన్నా ఘోరం.

మిగిలిన దారి ఎలా పూర్తిచేశానో చెప్పను. అడక్కండి.

ఆ సాయంత్రం తాతగారి పటం ముందు నిలబడి ప్రమాణం చేశాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఇక ఏ పందెంలోనూ దిగను. ఎవరొచ్చి అడిగినా వద్దంటాను. రెండోసారి అడిగినా వద్దంటాను. మూడోసారి కూడా అడిగారంటే వాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళని అర్థం. అలాంటివాళ్ళని నొప్పించడం మా వంశంలో లేదు.