రైలు డబ్బాలు, తడి చేతులు

నా బిడ్డ అరచేతులకు చెమట పడుతుంది. ఎండాకాలమే అని కాదు, వానల్లోనూ చలిలోనూ పడుతుంది. ఇది రాస్తూ మధ్యలో లేచి చూశాను. దిండు పక్కన చెయ్యి తెరిచి నిద్రపోతోంది. తాకితే తడి. ఎనిమిదేళ్లు నిండాయి. వయసు పెరిగితే పోతుందని పాలమూరు దవాఖానలో కాంపౌండరు చెప్పిన మాట ఇంకా నిజం కాలేదు.

ఆ కాంపౌండరు దగ్గరికి పోయేనాటికి దానికి ఐదేళ్లు. మా ఆయన నల్గొండ జిల్లాలో, కేతేపల్లికి దగ్గర ఒక ఊళ్లో బడిపంతులు. రజాకార్లు ఊరి మీద పడిన రోజు నేను పిల్లను పొట్టకు కరుచుకుని జొన్నచేలో బోర్లా పడుకున్నాను. ఆ తర్వాత బడి మూతపడింది. ఆయన మమ్మల్ని పాలమూరులో తన తండ్రి ఇంట్లో దింపి, "నెల దినాలల్ల వస్త" అని నిజాం రాజ్యం సరిహద్దు అవతలికి వెళ్లిపోయారు. మూడు నెలలైనా ఉత్తరం ముక్క లేదు.

ఆ ఇంట్లో మా మామ, మా యారాలు, ఆమె కూతురు ఉండేవారు. యారాలంటే మా ఆయన అన్న భార్య. బావకు రైల్వేలో నౌకరీ, ఎప్పుడో గాని ఇంటికి వచ్చేవారు కాదు. మామ స్టేషన్ మాస్టరుగా పనిచేసి దిగిపోయారు. అత్త మేము రాకముందే పోయింది.

మామ గదిలో టేకు పెట్టె ఒకటి ఉండేది. అందులో ఆటబొమ్మ రైలు. ఒక తెల్లదొర సీమకు పోతూ మామకు ఇచ్చిపోయాడట. ఇంజను స్ప్రింగు ఎప్పుడో తెగిపోయింది. దాన్ని ఎవరూ నడపరు. మిగిలినవి ఐదు డబ్బాలు. రేకు మీద నికెల్ పూత. ఒక్కొక్కటి జానెడు పొడవు, అద్దంలా మెరుస్తుంది. శుక్రవారం అప్పట్లో సెలవు రోజు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మామ తఖ్తు బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, వాటిని బయటికి తీసి తుడిచేవారు.

అది చూడవలసిన పని. డబ్బాను పక్కల పట్టుకోరాదు. కింద చక్రాల దగ్గర రెండు వేళ్లతో ఎత్తాలి. మాసిపోయిన పాత ధోవతి ముక్కను ఉతికి ఆరేసి దాచుకునేవారు. కొత్త గుడ్డయితే గీతలు పడతాయట. నోటి ఆవిరి ఊది, ఒకే దిక్కుకు తుడవాలి. కిటికీల మూలల్లో దుమ్ముకు సన్నటి కుంచె. ఇరుసులకు కుట్టుమిషను నూనె, సూది మొనకు అంటినంత. చింతపండు, బూడిద ఆ గది గడప దాటడానికి వీల్లేదు. "ఇత్తడి చెంబు గాదే అది, తోముటానికి. మీద పూత ఎంతున్నదో ఎరుకేనా? ఉల్లిపొరంత" అనేవారు.

ఆ దుప్పటి మీద కూర్చునే హక్కు యారాలి కూతురిది. నా బిడ్డ కంటే ఏడాది పెద్ద. మేము వచ్చిన మొదటి శుక్రవారం మామ నా బిడ్డనూ పిలిచారు. ముందు పలక మీద చెయ్యి పెట్టమన్నారు. పెట్టి తీసింది. నల్లటి పలక మీద ఐదు వేళ్లూ అరచెయ్యీ తడిగా అచ్చుపడ్డాయి.

"నీ చేతుల్ల బాయి ఉన్నదేందే!" అని మామ నవ్వారు. "పూతకు చెమట తగిలితే తుప్పే. నువ్వు గడప కాడ కూసొని చూడు బిడ్డా."

ఆయన దయగానే అన్నారు. యారాలు మాత్రం వంటింట్లోంచి తల బయటికి పెట్టి, "చదువు ఎక్కువైతే తలకాయల పట్టక చేతులకెల్లి కారుతదట మామా" అంది. అందరూ నవ్వారు. నా బిడ్డ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

యారాలు ఐదో తరగతి దాటలేదు. నేను హైదరాబాదులో హాస్టలులో ఉండి ఇంటర్మీడియట్ చదివాను. బి.ఏ. మొదటి ఏడాదిలో పెళ్లయింది. ఆ ఇంట్లో ఆ చదువు ఎందుకూ పనికి రాలేదు. ఆమె చేతులు ఎప్పుడూ పొడిగా ఉండేవి. జొన్న రొట్టె చేత్తో కొడుతుంటే ఒక్క చీలిక పడేది కాదు. అవే చేతులు కూతురికి వచ్చాయి. ఆ పిల్ల డబ్బాను ఎత్తి కళ్లకెదురుగా పెట్టుకుని, అందులో తన ముఖం చూసుకుని, జాగ్రత్తగా కింద పెట్టేది. "నా గార్డు" అని మామ మురిసిపోయేవారు. గడప దగ్గర నా బిడ్డ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేది. ఎవరూ అలా నిలబడమనలేదు. తనే నేర్చుకుంది.

మా ఆయన తిరిగి వస్తారో రారో తెలియదు. రాకపోతే మేము ఆ ఇంట్లోనే బతకాలి. నా బిడ్డ ఆ దుప్పటి ఎక్కితే ఆ ఇంట్లో మాకు చోటు దొరికినట్టని నా మనసు పట్టుకు కూర్చుంది. పటిక నీళ్లలో దాని చేతులు నానబెట్టాను. వేయించిన తవుడులో పెట్టించాను. గుండె జబ్బేమో అని కాలేజీలో చదివిన ఆరోగ్యశాస్త్రం గుర్తు చేసుకుని భయపడి దవాఖానకు తీసుకుపోయాను. ప్రతి శుక్రవారం పలక తెచ్చి పెట్టాను. ప్రతిసారీ ఐదు వేళ్లు.

"ఇడిసిపెట్టు చెల్లె, పిల్లకు లేని రోగం తెస్తున్నవ్" అంది యారాలు. ఆ మాట అంటూ తన కూతురి జడ అల్లుతోంది. ఆ పిల్ల మా వైపు తిరిగి అరచేతులు చూపి ఆడించింది. ఆట కోసమే. ఆ రెండు పొడి చేతులను నేను చాలాసేపు మరిచిపోలేకపోయాను.

అది మక్కకంకుల కాలం. ఒక శుక్రవారం వాన వెలిసింది. నేను కుంపటి మీద కంకులు కాల్చాను. నిమ్మబద్దను ఉప్పులో కారంలో అద్ది రుద్దాను. యారాలి కూతురికి ఇచ్చిన కంకికి ఒకసారి రుద్ది ఊరుకోలేదు. రెండో నిమ్మబద్ద తీసుకున్నాను. రసం ఆ పిల్ల మణికట్టు దాకా కారింది. సగం తిన్నాక అన్నాను:

"తాత పిలుస్తున్నడే, ఉరుకు."

"చేతులు కడుక్కుంట చిన్నమ్మా."

"ఆలస్యమైతే పెట్టె మూస్తడట. పో."

ఆ పిల్ల చేతులు గౌనుకు తుడుచుకుంటూ పరుగెత్తింది. మామ ఆ పిల్ల చేతులు ఎప్పుడో చూడటం మానేశారు. నేను మిగిలిన గింజలు ఒలిచి నా బిడ్డకు పెట్టాను.

తర్వాతి వారమే యూనియన్ సైన్యం వచ్చింది. విమానాల చప్పుడుకు తలుపులు బిగించుకుని కూర్చున్నాం. రైళ్లు ఆగిపోయాయి. మామకు అదే పెద్ద బాధ. గంటగంటకూ వాకిట్లోకి పోయి స్టేషన్ వైపు చెవి పెట్టేవారు. ఆ శుక్రవారం ఆయన పెట్టె తెరవలేదు. రేడియో ఉన్న ఇంటికి పోయి, నిజాం లొంగిపోయాడన్న కబురుతో తిరిగి వచ్చారు. బజారులో జనం కేకలు వేస్తున్నారు. మా ఆయన తిరిగి వస్తారని నాకు మొదటిసారి ధైర్యం కలిగింది. అయినా నా బుద్ధి ఆ పెట్టె చుట్టూనే తిరిగింది.

ఆపై శుక్రవారం మామ మూడో డబ్బా గుడ్డ విప్పి ఆగిపోయారు. కిటికీల కింద ఎర్రటి మచ్చలు, చిన్న వేళ్లంత. గుడ్డతో తుడిచారు. ఆవిరి ఊది తుడిచారు. నూనె చుక్క వేసి తుడిచారు. పూత లేచిపోయి కింద రేకు తుప్పు పట్టింది.

నేను రెండు వారాలుగా ఎదురుచూస్తున్నది ఆ గడియ కోసమే. గడప దగ్గరే ఉన్నాను. మామ తల ఎత్తారు. పక్కన కూర్చున్న పెద్ద మనవరాలి వైపు చూడలేదు. నా కొంగు పట్టుకుని నిలబడ్డ నా బిడ్డ వైపు చూశారు.

"నేను లేనప్పుడు లోపలికొచ్చినవా బిడ్డా?"

ఇంత చదివినదాన్ని, ఇది నాకు తట్టలేదు. ఆ డబ్బా మీద తుప్పు కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరి చేతులు గుర్తుకు వస్తాయో నాకు తట్టలేదు.

"రాలే తాతా" అంటూ నా బిడ్డ చేతులు వెనక్కి దాచుకుంది.

"మరి చేతులెందుకు దాస్తున్నవ్?"

నేను దాన్ని నా వెనక్కి లాక్కున్నాను. దుప్పటి మీద కూర్చున్న పిల్ల తల వంచుకుంది. అప్పటికి యారాలు చేటతో అటువైపు వచ్చి, డబ్బాను చూసి, నా బిడ్డను చూసింది.

"మామా, గా పిల్లను అనకుండ్రి. అది గడప దాటది, నేను చూస్తనే ఉంట. గా దినం నా బిడ్డనే కంకి తినుకుంట ఉరికొచ్చింది. చేతులు కడగలే. నేను చూసుకోలే, తప్పు నాది."

ఆ పిల్ల ఏడుపు అందుకుంది. మామ దాన్ని కొట్టలేదు. "నాలుగు వారాలు ఇటు రాకు" అన్నారు. తర్వాత నా బిడ్డను పిలిచారు. "దా బిడ్డా. ఉత్తగ మాటన్న." ధోవతి ముక్కలు రెండు తీసి, దాని రెండు చేతులకు కట్టు కట్టినట్టు చుట్టి, డబ్బా అందించారు. ఇంత సులువైన ఉపాయం ఆయనకు మూడు నెలల కిందట ఎందుకు తోచలేదా అని నాకు మండింది.

నా బిడ్డ తెల్ల దుప్పటి మీద కూర్చుంది. నేను చూస్తున్నది మాత్రం యారాలిని. ఆ మాట ఆమె ఎంత తేలికగా అనేసింది! నా బిడ్డ తరపున నేను అనవలసిన మాట. నా బిడ్డకు ఆ చోటు ఇప్పించింది ఆమె. ఆమె చేతులను చూసి కుళ్లుకున్నదాన్ని, ఇప్పుడు ఆమె నోటిని చూసి కూడా కుళ్లుకున్నాను.

సాయంత్రం ఆమె రొట్టెలు కొడుతుంటే వెనక నిలబడ్డాను. "అక్కా, గా దినం పిల్లను మామ పిలవలే. నేనే..."

"ఎరుకనే" అంది, రొట్టె తిప్పుతూ. "నిమ్మరసం కండ్లల్ల పడి మండుతుందని నా పిల్ల ఏడిస్తే నేనే గదా కడిగింది. ఒక్క కంకికి గంత నిమ్మకాయ ఎవరన్న రుద్దుతరా?"

"మరి మామతోని ఎందుకు చెప్పలే?"

"నీ పిల్ల మొకం చూడలేక." పిండి ముద్ద తీసుకుంది. "గని నా పిల్ల మాట పడ్డది. అది నేను చెప్తే చాడీ అయితది. నువ్వు చెప్పాలె."

వారం రోజులు పట్టింది నాకు. మరుసటి శుక్రవారం గడప దగ్గర నిలబడి మామతో చెప్పాను. పిల్లను అబద్ధం చెప్పి పంపింది నేనేనని, చేతులు కడగనివ్వలేదని.

"ఎందుకు?"

"నా బిడ్డను మీరు రానిస్తలేరని."

ఆయన చేతిలోని కుంచెను పెట్టెలో పెట్టారు. బయట నిలబడ్డ పెద్ద మనవరాలిని పిలిచారు. "దా, నువ్వు గూడ దా." నా బిడ్డను దిగిపొమ్మనలేదు. నాతో ఇంకేమీ అనలేదు. అంతకుముందు రోజూ పొద్దున నాతో ఇంగ్లీషు పేపరు చదివించుకుని వినేవారు. దాన్ని నేనెన్నడూ ఆ ఇంట్లో నాకున్న చోటు అనుకోలేదు. మర్నాడు కళ్లద్దాలు పెట్టుకుని తనే చదువుకున్నారు. నాతో చెప్పవలసినవి యారాలితో చెప్పేవారు. "చాయ్ పెట్టుమను ఆమెను."

చలికాలం మొదట్లో మా ఆయన క్షేమంగా వచ్చారు. మమ్మల్ని సాగనంపడానికి మామ నా బిడ్డను ఎత్తుకుని స్టేషన్ దాకా నడిచారు. "చిన్న గార్డూ, మల్ల రావాలె" అని దాని గుడ్డ కట్టని చేతులను తన చెంపలకు అద్దుకున్నారు. చెంపలు తడిశాయి, తుడుచుకోలేదు. యారాలు సద్దిమూట నా చేతికి ఇచ్చింది. బండి కదులుతుంటే మామ కిటికీ దగ్గరికి వచ్చి నాతో "పైలం" అన్నారు, జాగ్రత్త అని. రెండు నెలల్లో నాతో నేరుగా అన్న మాట అదొక్కటే.

యారాలు బయటికి వెళ్లినప్పుడల్లా మామ ఆమెతో ఆ మాట అనేవారు. బావికి పోయినా అనేవారు. రోజుకు ఎన్నిసార్లు అని ఉంటారో అనుకుంటూ హైదరాబాదు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మా ఆయన పక్కనే ఉన్నారు, ఏమైంది అని అడిగారు. ఏమీ లేదన్నాను.