తండా అంతా ఒక్క చుక్క

నేనొక అబద్ధం ఆడాను. చాలా ఏళ్ల కిందటి మాట. అప్పట్నుంచి దాన్ని మోస్తూనే ఉన్నాను, ఇక మోయలేక ఇది రాస్తున్నాను. పశ్చాత్తాపపడి రాస్తున్నానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. కానీ నిజానికి ఇది అలుపే. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పుకోగలుగుతున్నాను.

జనగామలో వరికోత మిషన్లు కిరాయికి ఇచ్చే ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఇటు మహబూబాబాద్ పల్లెలకూ అటు భూపాలపల్లి పల్లెలకూ మా మిషన్లు వెళ్లేవి. యజమానిని మేమంతా సారు అనేవాళ్లం. నేను చేరకముందు ఆయన ఊరికొకరికి ఫోన్ చేసి, ముందు ఇంటి సంగతులు, తర్వాత పంట సంగతి కనుక్కుని మిషన్ ఎటు పంపాలో తేల్చేవాడు. నేను వచ్చాక వెబ్‌సైటు పెట్టించాను. మిషన్ కావాలనుకున్న రైతు పేరు, ఊరు, ఎకరాలు రాసి బటన్ నొక్కితే చాలు. ఏ ఊరి నుంచి ఎంతమంది చూశారో, ఎంతమంది నొక్కారో అన్నీ నా కంప్యూటర్‌లో డ్యాష్‌బోర్డు మీద కనిపించేవి. మ్యాపు, దాని మీద చుక్కలు. సైటు తెరిచినవాళ్లు ఎక్కువ ఉన్నచోట పెద్ద చుక్క, తక్కువ ఉన్నచోట చిన్న చుక్క. సారుకు ఆ చుక్కల మీద మోజు పుట్టింది. పొద్దున ఆఫీసులో కాలు పెడుతూనే, చాయ్ కూడా అడక్కుండా, "ఏమంటుందిరా బోర్డు?" అనేవాడు. బోర్డు ఏమీ అనేది కాదు. అనేవాణ్ణి నేను. ఆ ప్రశ్న వినడం కోసమే నేను తొందరగా ఆఫీసుకు వెళ్లేవాణ్ణి.

మొదట్లో కొందరు కుర్రాళ్లు సరదాకి ఒకే ఫోన్ నుంచి పదేపదే నొక్కేవాళ్లు. లెక్క పాడవుతోందని, ఒక ఫోన్ నుంచి ఎన్నిసార్లు వచ్చినా ఒక్కటిగానే లెక్కపెట్టేలా మార్చాను. మంచి పని చేశానని సారు భుజం తట్టాడు కూడా.

ఆ తర్వాత పెద్దవంగర దిక్కు ఒక తండాకు వెళ్లి, సైటు ఎలా వాడాలో నేనే నేర్పించాను. అక్కడ చాలామంది చేతుల్లో మాట్లాడుకోవడానికి మాత్రమే పనికొచ్చే చిన్న ఫోన్లు. సరోజ అనే కోడలు ఇంటర్ దాకా చదువుకుంది. అది ఆమె అసలు పేరు కాదు. ఆమె దగ్గర మాత్రం పెద్ద ఫోన్ ఉంది. తండాలో గ్యాస్ బుక్ చేయాలన్నా, పెన్షన్ పడిందో లేదో చూడాలన్నా అందరూ ఆమె గడపలోకే వచ్చేవాళ్లు. "అందరి పేర్లు ఈమె ఫోన్ నుంచే కొట్టుండ్రి, ఒక్క ఫోన్ చాలు" అని నా నోటితో నేనే అన్నాను. అని, జనగామ వచ్చి, ఒక ఫోన్‌కు ఒక్కటే అనే ఆ లెక్క సంగతి పట్టించుకోకుండా కూర్చున్నాను. మరిచిపోయానా? లేక, ఒక ఫోన్ అంటే ఒక మనిషి అని నాకు నేనే ఖాయం చేసుకున్నానా? నేనూ పల్లెలో పుట్టినవాణ్ణే. మా వాడంతటికీ కిరాణా కొట్టు ఫోనే దిక్కుగా ఉన్న రోజులు నాకు తెలుసు.

ఆ యాసంగి కోతల్లో భూపాలపల్లి వైపు పెద్ద చుక్క వచ్చింది. పెద్దవంగర తండా సంగతేంటని సారు అడిగాడు. అక్కడ ఒక్కరే ఉన్నారు సార్ అన్నాను. మిషన్లన్నీ అటే పోయాయి. అక్కడ చాలామంది మిషన్ వీడియో చూడ్డానికే పేజీ తెరిచారట, మిషన్లు సగం రోజులు పని లేక నిలబడ్డాయి. ఇక్కడ తండా వాళ్లు రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అని ఎదురుచూశారు, వేరేవాళ్ల మిషన్‌ను కూడా పిలుచుకోలేదు. ఇంతలో రాళ్లవాన పడింది. కోతకొచ్చిన వరి నేలకొరిగి, గింజ మళ్లలోనే రాలిపోయింది.

సరోజ, ఆమె మామ, తండా పెద్దమనుషులు ఇద్దరు ఆఫీసుకు వచ్చారు. గొడవ చేయడానికి రాలేదు. అడగడానికి వచ్చారు.

"అన్నా, నేను అందరియి కొట్టిన. ఒక్కల పేరు గూడ ఇడువలే. మిషన్ ఎందుకు రాలే?"

ఆ క్షణంలో నాకు అంతా గుర్తుకొచ్చింది. సారు పక్క కుర్చీలోంచి నా వైపే చూస్తున్నాడు.

"నీ ఒక్కదానిదే వచ్చింది. మిగిలినయి నువ్వు నొక్కలే" అన్నాను.

"నొక్కిన అన్నా. ఆకుపచ్చగ టిక్కు వచ్చింది గదా?"

"టిక్కు వచ్చినంక ఇంకోసారి నొక్కాలె. నువ్వు నొక్కకుండనే బయటికొచ్చినవు."

అలాంటి రెండో బటన్ ఏదీ లేదు. నేను అప్పటికప్పుడు పుట్టించాను. ఎంత సులువుగా వచ్చిందో! ఆమె ఫోన్ వైపు చూసుకుంది. నేను ఆమె వాదిస్తుందనుకున్నాను. వాదించి ఉంటే బాగుండేది.

"గట్లనా... నాకు ఎరుక లేకపాయె అన్నా" అంది.

తర్వాత మామ వైపు తిరిగి తమ భాషలో ఏదో చెప్పింది. ఒక్క వాక్యమే. నాకా భాష రాదు. కానీ ఆ ముసలాయన నా వైపు చూడలేదు, ఆమె వైపు చూశాడు. పెద్దమనుషులిద్దరూ ఆమె వైపే చూశారు. నేను చేసిన తప్పును, నా ముందే, తన నోటితో తన మీద వేసుకుని వాళ్లకు చెప్పిందని అర్థమైంది. సారు వాళ్లకు మంచినీళ్లు ఇప్పించాడు. వాళ్లు వెళ్లాక, "పాపం, సదువుకున్నదాయె, జర సూసుకోవద్దా" అన్నాడు. నేను తలూపాను. అవును, తలూపాను.

ఆ తర్వాత కంప్యూటర్‌లో లిస్టు తీసి చూశాను. అందరి పేర్లూ ఉన్నాయి, ఎకరాలతో సహా. ఒక్క అక్షరం తప్పు లేదు. మళ్లీ మళ్లీ నొక్కినవి అని చెప్పి నా లెక్క వాటిని పక్కకు తోసేసింది. ఆ రోజే గుట్టుచప్పుడు కాకుండా సరిచేశాను. మరుసటి కోతలకు తండాలో మిషన్ దిగింది. బోర్డు బాగా పనిచేస్తోందని సారు సంతోషపడ్డాడు.

నేను దేనికి భయపడ్డాను? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు, సారు అంత కటువు మనిషి కాదు. ఆయన మర్నాడు పొద్దున వచ్చి "ఏమంటుందిరా బోర్డు?" అని అడగడేమోనని భయపడ్డాను. అంతే. ఇంత చిన్న దానికోసం ఒక మనిషిని బలిపెట్టానంటే నాకే నమ్మబుద్ధి కాదు. మిషన్ పంపినా వానలోపు అన్ని మళ్లూ కోసేవాళ్లు కాదని నాకు నేను చెప్పుకున్నాను. వాన నేను కురిపించలేదనీ చెప్పుకున్నాను. రెండూ నిజాలే. కానీ నేనన్న మాటకు ఆ రెండింటితోనూ సంబంధం లేదు.

తర్వాతి సంగతులు మా మిషన్ డ్రైవర్ నోట విన్నాను. తండాలో ఆమెకు ఇక ఎవరూ ఫోన్ పని ఏదీ చెప్పడం లేదట. ఆ ఫోన్ మరిది చేతికి పోయింది. పంట పోయిందెందుకంటే సరోజ సరిగ్గా నొక్కలేదు కనుక అని తండాలో చిన్నపిల్లలు కూడా చెప్తారట.

నేను ఆ ఉద్యోగం మానేసి కూడా చాలా కాలమైంది. ఈ మధ్య మహబూబాబాద్ దవాఖానలో ఆమె కనిపించింది. నేను మొహం తిప్పుకునేలోపే గుర్తుపట్టింది. పక్కన బడికెళ్లే వయసు కూతురు. ఓపీ చీటీ కోసం ఫోన్‌లో వివరాలు నింపాలి. ఆ పిల్లకు ఎక్కడో అర్థం కాక తల్లి చేతికి ఫోన్ ఇవ్వబోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకియ్యకు బిడ్డా, నేను తప్పు నొక్కుత. గీ అన్ననడుగు, అన్నకు మంచిగొస్తది."

నవ్వుతూనే అంది. నేను ఫోన్ తీసుకున్నాను. నింపాను. నొక్కాను. అది ఒక్కసారి నొక్కితే సరిపోయేదే. ఆమె చూస్తూనే ఉంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. నోరు తెరిచాను కూడా. "సల్లగుండు అన్నా" అంది ఆమె. ఆ దీవెన కూడా తీసుకుని ఇంటికి వచ్చేశాను.

అందుకే ఇది. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. ఆమె అన్నీ సరిగ్గానే నొక్కింది. అబద్ధం ఆడింది నేను. ఈ రెండు ముక్కలూ మొదటిసారి నా లోంచి బయటికొచ్చాయి. ఛాతీ కొంచెం తేలికైంది, కాదని ఎందుకనాలి? రాత్రి నిద్ర కూడా పడుతుందేమో. మీకు తెలిసింది. ఆమెకు ఇంకా తెలియదు.