మూడు రమ్మీ పుస్తకాలు, ఒక గురూజీ

డెబ్బైల మొదట్ల నేను నాందేడ్‌ల కాల్వల ఆఫీసుల గుమాస్తను. ఉద్యోగస్తులు సాయంత్రాలు పోయే క్లబ్బు ఒకటుండె. ఏటా వానలు ఎనుకపట్టినంక అండ్ల అన్ని ఆఫీసులకు కలిపి రమ్మీ టోర్నమెంటు పెడుతుండిరి. పైసల ఆట కాదు. గెలిచినోల్లకు ఒక కప్పు, జరసేపు చప్పట్లు. ఒక ఏడు మా ఆఫీసు నుంచి ఎనిమిది మందిమి పోయినం. ఎనిమిది మందిమి మొదటి రౌండ్లనే లేచి అచ్చినం. అందరికన్న ముందు నేనే లేచిన.

క్లబ్బు సెక్రెటరీ మా ఆఫీసాయనే. ఈ సంగతి ఆయనకు మస్తు బాధయింది. మరుసటేడు టోర్నమెంటు నెల రోజులుందనంగ ఎక్కడికెల్లో మూడు రమ్మీ పుస్తకాలు తెప్పిచ్చి నా ముంగట పెట్టిండు. ఒకటి హిందీ, ఒకటి మరాఠీ, ఒకటి తెలుగు.

"మూడు భాషలు సదవచ్చేది నీకొక్కనికే. ఏది మంచిదో సదివి చెప్పు. దాన్నే ఇంక నాలుగు కాపీలు తెప్పిస్త," అన్నడు.

మాది ధర్మాబాద్ దిక్కు ఊరు. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, బజార్ల హిందీ. ఈ మూడు భాషలు ఎన్నడన్న గిట్ల పనికస్తయని నేను అనుకోలే.

పదిహేను రోజులు సదివిన. ఉత్తగ సదువుడు కాదు. మంచం మీద ఆరుగురికి ముక్కలు పంచి, ఒక్కొక్క చెయ్యి ఒక్కొక్క పుస్తకం చెప్పినట్టు ఆడి చూసిన. మా ఇంటామె అచ్చి నిలబడ్డది.

"ఎవరితోని ఆడుతున్రు?"

"పుస్తకాలతోని."

"ఎవరు గెలుస్తున్రు?"

"ఇంక తెల్వది."

ఆమె లోపలికి పోయింది.

హిందీ పుస్తకం అట్ట మంచిగుండె. కని అండ్ల చూపిన ప్రతి చేతిల ముందుగాలనే రెండు జోకర్లుండె. అసొంటి ముక్కలు పడితె గెలువనీకి పుస్తకం ఎందుకు? మరాఠీది లావుగుండె. పేక ముక్కలు ఎట్ల పుట్టినయో నలభై పేజీలు, ఏ దిక్కు కూసుంటె ఏం కలిసొస్తదో ఇరవై పేజీలు, ఎదుటోడు దగ్గితె అర్థమేందో ఒక అధ్యాయం. తెలుగుది కుట్టు ఊడిపోయిన చిన్న పుస్తకం, నిండ అచ్చు తప్పులే. కని అది ఒక్కతే పాడు ముక్కలు పడితె ఏం చెయ్యాల్నో చెప్పింది. ముందుగాలనే ఆట వదిలేస్తె ఇరవై పాయింట్లు, నడుమల వదిలేస్తె నలభై, పట్టుకొని ఓడితె ఎనభై దాక పోతది, నూట ఒకటి అయితె బల్ల మీదికెల్లి లేవాలె, కాబట్టి టోర్నమెంటుల గెలుసుడు తర్వాత, ముందుగాల లేవకుండ ఉండుడు నేర్చుకో అని రాసిండు. ఆ పేజీ నేను రెండుసార్లు సదివిన.

నా అభిప్రాయం మరాఠీల రాసి నోటీసు బోర్డుకు అంటిచ్చిన. లావు పుస్తకంల ఏది ఎన్ని పేజీలున్నదో లెక్క రాసి, ఆఖరికి గిట్ల రాసిన: "ఈ పుస్తకం ఓడిపోయి బయట కూసున్నోల్లకు పనికస్తది. పొద్దు పోతది."

టోర్నమెంటు రోజు పొద్దుగాల బోర్డు ముందట ఒక సన్నటి ముసలాయన నిలబడ్డడు. తెల్ల టోపి, చంకల గొడుగు. నేను రాసింది మొత్తం సదివి, జేబుల కెల్లి చిన్న నోటుబుక్కు తీసి రాసుకుండు. సెక్రెటరీని ఏందో అడిగిండు. సెక్రెటరీ నా దిక్కు చూపిచ్చి పక్కకు పోయిండు.

ముసలాయన నా దగ్గరికచ్చి తెలుగుల మాట్లాడిండు.

"ఆ లావు పుస్తకం రాసింది నేనే తమ్మీ."

ఆయన నోటుబుక్కు తెరిచిండు.

"ఒకటి తప్పు రాసినవ్. ముక్కలు పుట్టిన కథ నలభై పేజీలు కాదు, నలభై ఆరు."

ఆయన ధర్మాబాద్‌ల రిటైరైన బడి గురూజీ. రిటైరైనోల్లను గూడ టోర్నమెంటుల ఆడనిస్తుండిరి, అందుకే పొద్దుగాలటి బండికి అచ్చిండు. నేను మొదటి రౌండు దాటిన. అది మా ఆఫీసుల పెద్ద వార్త. రెండో రౌండ్ల చీటీలు తీస్తె గురూజీ నా బల్లకే పడ్డడు.

తెలుగు పుస్తకం చెప్పినట్టే ఆడిన. పాడు ముక్కలు పడ్డయ్, వదిలేసిన. మల్ల పడ్డయ్, మల్ల వదిలేసిన. మూడోసారి గూడ అంతే. అరవై అయినయ్. నాలుగో ఆటల మంచి ముక్కలు పడ్డయ్. ఆటీను ఐదు, ఆరు, ఎనిమిది చేతిలున్నయ్. ఏడు ఒక్కటి అస్తె జోకరు లేని అసలు సీక్వెన్స్ అయితది. అది లేకపోతె చేతిలున్నయన్నీ లెక్కకస్తయ్. ఒక ఆటీను ఏడు నేను చూస్తుండంగనే ఎవరో ఎత్తుకున్నరు. రెండు కట్టల ఆట కద, రెండోదాని కోసం కూసున్న. అది రాలే. గురూజీ షో చేసిండు. మూడు ఏడ్లు ఒక్కదగ్గర పెట్టిండు, అండ్ల నా ఆటీను ఏడు. నా చేతిల యాభై ఎనిమిది. లేచిన.

గురూజీ ఫైనల్ దాక పోయిండు. ఫైనల్ల ఇస్పేటు తొమ్మిదిని కళావరు అనుకొని సీక్వెన్స్‌ల పెట్టి షో చేసిండు. తప్పు షో. ఎనభై పడ్డయ్. లేచి బయటికి పోయిండు.

బయట అరుగు మీద చాయ్ తాక్కుంట కూసుంటె దగ్గరికి పోయిన.

"ఆ ఏడు నాకు కావాలని మీకెట్ల తెలిసె గురూజీ?"

"మూడుసార్లు సూడంగనే వదిలేసినవ్. నాలుగోసారి వదల్లే. అంటె మంచి ముక్కలు పడ్డయన్నట్టు. తొమ్మిదో, పదో ఆటీను పడేస్తె ఎత్తుకోలే, కని అటే చూసినవ్. దాని పక్కదే ఏదో కావాలె అనుకున్న. ఏడు నా దగ్గరికచ్చింది. ఇయ్యకూడదనుకున్న. ఉత్తగ పట్టుకుంటె బరువు కదా, ఇంక రెండు ఏడ్లు ఎత్తి దానికి తోడు పెట్టిన."

"గిది మీ పుస్తకంల లేదు."

"ఆడెటోడు ఎదుటోల్లకు ఎందుకు చెప్తడు తమ్మీ? ప్రెస్సాయన రెండొందల పేజీలు కావాలన్నడు. నాకు తెలిసింది నాలుగు పేజీలు. అవి నేనుంచుకొని మిగిలినయి ఆయనకిచ్చిన."

ఇద్దరం చాయ్ తాగినం. గిలాస కింద పెట్టి ఆయనే అన్నడు, "కండ్లు కనవడ్తలేవు. ఇగ నేను ఆడను. కాయితం ఉన్నదా?"

సాయంత్రం బండి టైము దాక ఆయన చెప్పుకుంట పోయిండు, నేను రాసుకుంట పోయిన. నిజంగనే నాలుగు పేజీలయినయ్. వదిలేసేటప్పుడు గూడ ఒక్కోసారి జర ఆలోచించినట్టు కూసోవాలె, అన్నది మొదటి మాట.

మరుసటేడు వాటితోని మూడో రౌండు దాక పోయిన. ఆ దీపావళి సెలవులల్ల మంచి కాయితం మీద సాఫుగ రాసి ధర్మాబాద్ తీసుకపోయిన. ఆయన సదువలేడు కాబట్టి నేనే సదివి వినిపిచ్చిన. మూడో పేజీ కాడ చెయ్యెత్తిండు.

"గా మాట తీసెయ్. అది నేను గొప్ప కోసం చెప్పిన."

కొట్టేసిన. మూడున్నర పేజీలయినయ్. మొత్తం మల్ల ఒకసారి సదువమన్నడు. సదివిన. ఈసారి ఎక్కడ గూడ చెయ్యెత్తలే.