గంప కింద ప్రెసిడెంటమ్మ

మా చిన్నప్పుడు... కల్లంలో మిరపకాయలు ఎండుతున్నన్ని రోజులూ మా కోళ్ళకి జైలే. మా ఇంటి వెనకే కల్లం. వదిలితే చాలు, కాయల మీదెక్కి కాళ్ళతో గీరి గింజలన్నీ రాల్చేసేవి. అందుకని పొద్దున్నే పట్టుకొచ్చి గంపలు మూసేవాళ్ళం. దొడ్లోకి వెళ్తే గంపలే గొణుక్కుంటున్నట్టు ఉండేది...

అందులో ఒక ముసలి పెట్ట. బూడిద రంగుది. గుడ్లు పెట్టడం ఎప్పుడో మానేసింది. అయినా దాని నడక చూడాలి... ఓట్లడగడానికి వచ్చినట్టు ఇల్లిల్లూ తిరిగొచ్చేది. నేనే దానికి ప్రెసిడెంటమ్మ అని పేరు పెట్టా. మా నాయనమ్మకి అదంటే ప్రాణం. "మీ ఇద్దరిదీ ఒకటే ఈడా నాయనమ్మా?" అని అడిగితే చేతికర్ర గాల్లో వచ్చేది.

ఒక ఏడాది కాయలు కోసే రోజుల్లో ప్రెసిడెంటమ్మకి ఆయాసం పట్టుకుంది. మెడ సాచి, నోరు తెరిచి పీల్చేది. పీల్చినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగేది. లోపల్నించి గుర్... గుర్... కీచ్...

మా బాబాయి చూశాడు. "తెగులు తగిలింది దీనికి. మిగతావాటికీ అంటుకుంటది" అని విడిగా తీసుకెళ్ళి వసారా మూలన వేరే గంప మూశాడు. అది కాయలు మోసే పెద్ద గంప. గింజ కారకుండా పేడతో అలికి ఉంటది, సన్న సందు కూడా ఉండదు. అది దొర్లిపోకుండా పైన ఒక నాపరాయి.

తెల్లారేసరికి ఇంకా ఎక్కువైంది. నాయనమ్మ వెల్లుల్లి నూరి పెట్టింది, పసుపు నీళ్ళు పట్టింది... మళ్ళీ ఆ గంప కిందే పెట్టాం. ఇంకా ఎక్కువైంది!

"ఇది బతకదులే అమ్మా. ఊరికే చచ్చిపోయే బదులు ఆదివారం కోసేద్దాం" అన్నాడు బాబాయి.

"ఆయాసపడేవాళ్ళందర్నీ కోసుకుంటా పోతే ముందు నా మెడ పెట్టాలిరా" అంది నాయనమ్మ.

ఆవిడకీ కాయల రోజుల్లో అదే బాధ. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. కానీ ఇంట్లో బాబాయి మాటే మాట. ఆదివారం దగ్గర పడతానే ఉంది... నాయనమ్మ రోజంతా ఆ గంప పక్కనే కూర్చునేది.

నేనా... అప్పటికే బడికి నమస్కారం పెట్టేసి ఖాళీగా ఉన్నా. ఖాళీగా ఉన్నోడి బుర్ర మీకు తెలిసిందే. ఆ కోడి కూత నాకు అచ్చు దిగిపోయింది. గుర్... గుర్... కీచ్... ఎదురింటోళ్ళు కూడా మా ఇంట్లో ఇంకో కోడికి తెగులొచ్చిందనుకున్నారు.

శనివారం మధ్యాహ్నం బాబాయి అన్నం తింటుంటే మెల్లగా వెనక్కెళ్ళి చెవి దగ్గర అదే కూత కూశా. ముద్ద అడ్డం పడి, కళ్ళమ్మట నీళ్ళు కారతా లేచాడు.

"కోడివైపోయావేంట్రా? రా, నీ జత దగ్గర పడుకుందువు గానీ!"

జబ్బ పట్టుకుని లాక్కెళ్ళాడు. గంపెత్తి, ప్రెసిడెంటమ్మ పక్కన నన్ను కుక్కి, మళ్ళీ మూసి నాపరాయి పెట్టాడు. ఒళ్ళంతా ముడుచుకుని మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ముందు నవ్వొచ్చింది...

తర్వాత తుమ్మొచ్చింది. తర్వాత ఆగలేదు. కళ్ళు మంట, ముక్కు మంట, గొంతులో ఎవరో నిప్పు పెట్టినట్టు... గాలి పీలుద్దామంటే గాలే లేదు, ఘాటే ఉంది. చీకట్లో ప్రెసిడెంటమ్మ నోరు తెరిచి నా చెవి పక్కనే పీలుస్తా ఉంది. నేనూ నోరు తెరిచా. గుర్... గుర్... కీచ్... ఈసారి నేను చేసింది కాదు. దానంతటదే వచ్చింది.

"బాబాయ్... ఊపిరాడట్లా బాబాయ్!"

బయట బాబాయి పడీ పడీ నవ్వుతున్నాడు. "అబ్బబ్బ, అచ్చం కోడే! ఏం వేషం వేస్తున్నాడే అమ్మా వీడు!"

నెత్తితో గుద్దా, కాళ్ళతో తన్నా. రాయి కదల్లేదు. అరుద్దామంటే గొంతు లేవట్లేదు. ఎంత నిజంగా గురగురలాడితే బయట అంత నవ్వు...

"ఒరేయ్, లేపరా గంప!" నాయనమ్మ కేక. "అది వేషం కాదురా. ఆ కూత నాకు తెలుసు. లేపు!"

గంప లేచింది. నేనో పక్క, కోడో పక్క పడ్డాం. నాయనమ్మ గంప లోపల చెయ్యి పెట్టి తుడిచింది. వేళ్ళు ఎర్రగా వచ్చాయి. బాబాయి ముఖం మీద పెట్టి, "ఇదిరా నీ తెగులు" అంది.

కారంలో పుట్టి కారంలో పెరిగినోళ్ళం... ఘాటు ఉందన్న సంగతి మా ముక్కులకే తెలీదు. తెగులు అంటుకోకూడదని ఎంత గట్టిగా మూస్తే దానికి అంత ఊపిరాడలా.

ఆదివారం వంకాయ కూర వండారు. ప్రెసిడెంటమ్మని కల్లానికి దూరంగా వేపచెట్టు కింద కట్టేస్తే మెల్లగా తేరుకుంది. పొద్దున పూట కొంచెం గురగుర ఉండేది గానీ, నడక మాత్రం మళ్ళీ ఓట్ల నడకే.

ఆ ఆదివారం సాయంత్రం నాయనమ్మ ఇంటి వెనక గోడకి ఆనుకుని, ఎదురుగా ఎర్రగా పరిచిన కల్లం వైపు చూస్తా అంది... "దాని గంప లేపారు బానే ఉంది. మరి నా గంప ఎవరు లేపుతార్రా?"

నేను నవ్వా. బాబాయి నవ్వలేదు.

ఇప్పుడు ఆ కల్లమూ లేదు, గంపలూ లేవు. కోడి కవర్లో వస్తా ఉంది. నేనేమో కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, మోయిస్తా ఉంటా. జేబులో పీల్చుకునే మందు. పొద్దున్నే మంచం మీద లేచి కూర్చుంటే మొదలవుతది... గుర్... గుర్... కీచ్...

వంటింట్లోంచి మా ఆవిడ, "తెల్లారగానే మొదలెట్టారా మీ కోడి వేషాలు!" అని నవ్వుద్ది. జీవితమంతా వేషాలేసినోణ్ణి, ఏం చెప్పను... నేనూ ఇంకోసారి గురగురమని నవ్విస్తా.

వినగానే వేషమో నిజమో చెప్పేసే మనిషి మీ ఇంట్లో ఎవరన్నా ఉండేవాళ్ళా? ఉంటే కింద రాయండి... వాళ్ళు ఇంకా ఉంటే మాత్రం, ముందు వెళ్ళి వాళ్ళ పక్కన కాసేపు కూర్చుని రండి.