పక్కకు జరిగే ఓడ

ఇందులో ప్రతి మాటా నిజం. పెనుగంచిప్రోలు దగ్గర మున్నేటిలో మోకాలి లోతున నిలబెట్టి, బైబిలు మీద చెయ్యి వేయించి అడిగినా ఇదే చెబుతాను. నా సంగతి తెలిసిన జగ్గయ్యపేట వాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. అదే మున్నేటిలో నేను పట్టిన వాలుగ చేప ట్రాక్టరు ట్రక్కులో పట్టక, తోక రోడ్డు మీద ఈడ్చుకుంటూ వత్సవాయి దాకా వచ్చిందని చెప్పినవాణ్ణి నేనే మరి. చేప సంగతి వదిలేయండి. ఇది మా బావ సంగతి.

మా చెల్లెల్ని నందిగామలో ఇచ్చాం. దాని భర్తకి సరుకు ఓడల్లో పని, అడుగున ఇంజను గదిలో. కొన్ని నెలలు సముద్రం, కొన్ని నెలలు ఇల్లు. ఈసారి ఇంటి దగ్గరుండగా కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. ఓడ క్షిపణులు పడుతున్న సముద్రం మీదుగా పోతుంది, ఇష్టమైతేనే రావచ్చు, సోమవారానికల్లా ఏదో ఒకటి చెప్పాలి. బావ అవుననలేదు, కాదనలేదు. "మీ చెల్లెలు ఎట్లా అంటే అట్లా" అన్నాడు. చెల్లెలు నన్ను రమ్మంది.

నేను వెళ్ళేసరికి అది చింతపండులో గింజలు తీస్తోంది. బావ గడప మీద కూర్చున్నాడు.

"అన్నయ్యా, టీవీలో చూపిస్తన్నారు. ఎక్కడో దూరాన క్షిపణి వదిలితే శబ్దం కన్నా ముందే వచ్చేస్తదంట. ఓడ తప్పించుకుంటదా? నిజం చెప్పు. చేప కబుర్లు వద్దు."

నేను సముద్రాన్ని చూసింది ఒక్కసారి, బందరు దగ్గర, అదీ ఒడ్డున నిలబడి. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అది నా ముఖంలోకి చూస్తోంది. అలా చూసేవాళ్ళు దొరికితే నా నోరు నా మాట వినదు.

"పిచ్చిమొహమా! కెప్టెన్ దగ్గర పచ్చ బటన్ ఒకటుంటది. క్షిపణి వస్తన్నట్టు తెలియగానే నొక్కుతాడు. ఓడ ఎండ్రకాయలాగా టక్కున పక్కకి జరుగుద్ది. వచ్చింది కాస్తా ఖాళీ నీళ్ళల్లో బుడుంగ్!"

"అంత ఓడ జరిగితే లోపలోళ్ళు పడిపోరా?"

"చేతిలో టీ కూడా తొణకదే."

ఫోన్ వచ్చిన ఈ నాలుగు రోజుల్లో అది నవ్వడం అదే మొదటిసారట. "ఏవండీ, నిజమేనా?" అని మొగుణ్ణి అడిగింది. బావ నావైపు చాలాసేపు చూశాడు. "మీ అన్నయ్య చెప్పాక నేనేం చెప్తా?" అని లేచి పంపు దగ్గరికి వెళ్ళాడు. నవ్వాపుకోలేక వెళ్ళాడనుకున్నాను.

ఆదివారం చర్చిలో చెల్లెలు సాక్ష్యానికి లేచింది. "ఓడలకి పక్కకి జరిగే జ్ఞానం దేవుడే ఇచ్చాడు. మా ఆయన్ని భయం లేకుండా పంపిస్తన్నా" అంది. అందరూ ఆమెన్ అన్నారు. మా సంఘంలో సాక్ష్యం చెప్పాక వెనక్కి తీసుకోవడం ఉండదు. తీసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టే. పాస్టరుగారు బావని మోకరింపజేసి నుదుటికి నూనె రాశారు. నూనె కనుబొమ్మల్లోకి కారుతున్నా బావ తుడుచుకోలేదు. ఆ రోజు పంపు దగ్గరికి వెళ్ళింది నవ్వాపుకోలేక కాదని నాకు అప్పుడు తెలిసింది.

ప్రయాణం రోజు చెల్లెలు ఇంట్లోనే ప్రార్థన చేసి పంపింది. బెజవాడ బస్సు కోసం హైవే మీద నేనూ బావా నిలబడ్డాం. అవతల ఒక గేదె రోడ్డు దాటుతోంది. లారీవాడు హారన్ మోగించి, బ్రేకు వేసి, బూతులు తిడుతూ పక్కనుంచి పోయాడు. గేదె తల కూడా తిప్పలేదు.

"చూశావా బావా, గేదె లారీని తప్పించుకోలేదు. లారీవాడే తప్పించాడు," అన్నాడు బావ.

"అవును."

"మా ఓడా గేదే. చుక్కాని తిప్పితే, తిరగాలని దానికి తోచేసరికే ఇంత సేపు పడతది. ఇక వచ్చేది బ్రేకు లేని లారీ. పైగా దానికి కళ్ళున్నయ్. గేదె ఎటుపోతే అటు తిరుగుద్ది. యుద్ధం ఓడలైతే ఎదురు రాకెట్లు వదుల్తయ్, ఒక్కోసారి ఆగుద్ది, ఒక్కోసారి ఆగదు. మా దగ్గర ఏముంది, నీళ్ళ పైపులు."

"చప్పుడన్నా..."

"చప్పుడు దాని వెనకాల వస్తది బావా. అడుగునుండే మాకు అదీ వినపడదు." బ్యాగు కింద పెట్టి అన్నాడు: "మీ చెల్లెలు వద్దంటదని కూర్చున్నా. వద్దంటే ఆగిపోదామని."

"పద, ఇంటికి పోదాం. చర్చిలో నిలబడి నా కల్పనేనని నేనే చెప్తా," అన్నాను.

"నువ్వు చెప్తే ఎవరు నమ్ముతారు బావా?" అని బస్సెక్కాడు.

ఇప్పుడు ఆ సముద్రంలోనే ఉన్నాడు. మెసేజి పెడితే ఒక్క టిక్కే పడుతోంది. పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆ పచ్చ బటన్ పైన కెప్టెన్ దగ్గరేనా, కింద ఇంజను గదిలో కూడా ఉంటదా?"

"అక్కడా ఉంటదే," అన్నాను.

ప్రమాణం చేశాను కాబట్టి చెప్పాలి. చేప అబద్ధం, బటన్ అబద్ధం. అవి మీకు ముందే తెలుసు. ఇంకొకటి ఉంది. పద, ఇంటికి పోదాం అని హైవే మీద నేను అనలేదు. కాబట్టి బావ ఆ జవాబూ చెప్పలేదు. మీ చెల్లెలు వద్దంటదని కూర్చున్నా అన్నాక నావైపు చూస్తూ నిలబడ్డాడు, అంతే. బస్సు వచ్చింది. కండక్టరు తొందర పెట్టాడు. నేను బ్యాగు అందించి, "ఎక్కు బావా, సీట్లున్నయ్" అన్నాను.